తీగలేని చిన్న మీటలు – పంపు మోటారునకు వాని వినియోగము

బోరు చేని నడుమ నుండును. స్టార్టరు పెట్టె గట్టుమీది గదిలో నుండును. రైతు చివరి మడియొద్ద మడవ కట్టుచుండును. నీరు చాలినదని మోటారు నాపవలెనన్న పారను గట్టున పెట్టి, బురదలో నడచి గదికి పోవలెను. మరల పెట్టవలెనన్న మరల నడవవలెను. రాత్రి కరెంటు వచ్చు చోట్ల ఈ నడకయందు పురుగు పుట్ర భయము కలదు. తడికాళ్లతో, తడిచేతులతో స్టార్టరు పెట్టెను ముట్టుట అంతకంటె ప్రమాదము. ఈ యిబ్బంది తొలగుటకై బజారులో చౌకగా దొరకు చిన్న రిమోటు మీటలను కొని తామే బిగించుకొనవచ్చునా యని సభ్యులు, ముఖ్యముగా చదువుకొన్న యువకులు, తలచుట సహజమే. ఆ మీట యెట్లు పని చేయును, దేనికి తగును, దేనికి తగదు అను సంగతులను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

మీట పనిచేయు విధము

తీగలేకయే దూరపు వస్తువును కదల్చుట నేటి విద్య కాదు. 1895లో జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో విద్యుత్తరంగములను గోడ గుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపిరి. 1898లో నికోలా టెస్లాగారు న్యూయార్కు నగరమున నీటితొట్టిలో నొక చిన్న పడవను తీగ లేకయే నడిపి చూపిరి. నాటి పెద్ద యంత్రముల పనిని నేడు తాళపుగుత్తికి వ్రేలాడు చిన్న బిళ్ల చేయుచున్నది.

ఈ సాధనమున రెండు భాగములు కలవు. చేతిలో నుండునది పంపునది, అనగా ట్రాన్స్‌మిటరు. మోటారు గదిలో నుండునది గ్రహించునది, అనగా రిసీవరు. మనకు సాధారణముగా దొరకు రకము 433.92 మెగాహెర్ట్జులపై పని చేయును. అనగా సెకండునకు 43 కోట్ల 39 లక్షల 20 వేల స్పందనలు. ఈ తరంగము పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. అందు నాల్గవవంతు, అనగా సుమారు 17.3 సెంటీమీటర్ల తీగను రిసీవరునకు ఏంటెనాగా నిలువున కట్టినచో తరంగము చక్కగా అందును. కొందరు ఆ తీగను చుట్టచుట్టి ఇనుప పెట్టెలో పెట్టి మూయుదురు. ఇనుప పెట్టెలోనికి తరంగము సరిగా చొరదు గనుక ఆ రిసీవరు పది అడుగుల దూరమునకు కూడ పలుకకపోవచ్చును. కావున రిసీవరును వాన తగులని ప్లాస్టిక్కు పెట్టెలో నుంచి, స్టార్టరునకు ప్రక్కగా గోడకు బిగించుట మేలు.

మీట నొక్కినపుడు ఒట్టి తరంగము మాత్రమే పోదు. దానితో నొక గుర్తుసంఖ్యయు పోవును. రిసీవరు తాను నేర్చిన గుర్తు వచ్చినపుడే కదలును. పాత తరహా మీటలలో ఎనిమిది చిన్న పుల్లలను పైకిగాని క్రిందికిగాని జరిపి గుర్తు నేర్పరుతురు. ఇట్లు 256 గుర్తులు మాత్రమే వచ్చును. ఇ.వి.1527 అను చిప్పుగల మీటలలో గుర్తును తయారుచేయునపుడే ముద్రింతురు. అందు 10,48,576 గుర్తులకు వీలు కలదు. పాత తరహా మీటలను ఒకే యూరిలో పలువురు కొని పుల్లలను కదల్చక అట్లే బిగించినచో, ఒకరి మీటకు మరియొకరి మోటారు లేచుటకు అవకాశము కలదు. ఆ సమయమున పొరుగువాడు మోటారు విప్పి పని చేయుచుండెనేని ఏమగునో చెప్పనక్కరలేదు. కావున కొన్న సభ్యులందరు ఒకచోట చేరి, ప్రతి మీటను ప్రతి రిసీవరు వద్దను నొక్కి పరీక్షింపవలెను. ఎవరి గుర్తు ఏదియో సంఘ పుస్తకమున వ్రాసి యుంచుట మంచిది.

రిలే యనగా నేమి?

రిసీవరు పలకపై నల్లని లేక నీలపు చిన్న పెట్టె యొకటి యుండును. దానిని రిలే యందురు. అందలి తీగచుట్టకు కరెంటు తగులగానే అది అయస్కాంతమై యొక రేకును లాగి, రెండు మొనలను కలుపును. ఈ రిలేపై 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ముద్రించి యుండుట చూచి, మోటారు తీగలను నేరుగా దానికే కలుపవచ్చునని కొందరు భ్రమపడుదురు. ఇది పెద్ద పొరపాటు. 5 హార్సుపవరుల మూడు ఫేజుల మోటారు నడచునపుడు ఫేజునకు సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. కాని నేరుగా లేచునపుడు క్షణకాలము దానికి ఆరురెట్ల వరకు, అనగా 40 ఆంపియర్లకు పైగా లాగును. ఆ ధాటికి చిన్న రిలే మొనలు కరగి అతుకుకొనిపోవును. అతుకుకొన్న పిమ్మట ఎన్నిసార్లు మీట నొక్కినను మోటారు ఆగదు.

చిన్నపిల్లవాడు చెరువు తూము నెత్తజాలడు. కాని నిద్రించు నీరుకట్టువానిని తట్టి లేపగలడు. చిన్న రిలే చేయదగిన పనియు అంతియే. అది స్టార్టరును మేలుకొలుపవలెను, మోటారును మోయరాదు.

స్టార్టరునకు కలుపు విధము

స్టార్టరులో పచ్చమీట, ఎఱ్ఱమీట యని రెండుండును. పచ్చమీట మామూలుగా తెరచియుండి, నొక్కినపుడు మాత్రము కలియును. ఎఱ్ఱమీట మామూలుగా కలిసియుండి, నొక్కినపుడు తెరచుకొనును. పచ్చమీట నొక్కగానే లోపలి పెద్ద అయస్కాంతము లేచి మోటారునకు కరెంటు నిచ్చును. ఒక ప్రక్క మొన తన్ను తానే నిలిపి యుంచును. అందుచేతనే వ్రేలు తీసినను మోటారు నడచుచుండును. కరెంటు పోయినపుడు అయస్కాంతము పడిపోవును. మరల కరెంటు వచ్చినను ఎవరైన పచ్చమీట నొక్కువరకు మోటారు లేవదు.

కావున రెండు రిలేలుగల రిసీవరును తీసికొని, మొదటి రిలే యొక్క తెరచియుండు మొనలను పచ్చమీటకు సమాంతరముగను, రెండవ రిలే యొక్క కలిసియుండు మొనలను ఎఱ్ఱమీటతో వరుసగను కలుపవలెను. అప్పుడు స్టార్టరు తనకు గల రక్షణలను కోలుపోదు. ఓవర్‌లోడు రిలే తన పని తాను చేయుచునే యుండును. చేతితో నొక్కు మీటలును యథాప్రకారము పని చేయును.

ఇచ్చట మిక్కిలి ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. మూడు ఫేజుల స్టార్టర్లలో పెక్కింటి చుట్ట రెండు ఫేజుల నడుమ, అనగా 415 వోల్టులపై పని చేయును. పలకపై నున్న చిన్న రిలే 250 వోల్టులకే తగినది. దానిని 415 వోల్టుల దారిలో పెట్టరాదు. అట్టి చోట 12 వోల్టుల చుట్టతో నడచుచు, 415 వోల్టులకు తగిన మొనలుగల మరియొక రిలేను నడుమ నుంచవలెను. ఏ స్టార్టరు చుట్ట ఎన్ని వోల్టులదో చుట్టపైననే ముద్రించి యుండును. ఈ పనిని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. యువకులు నేర్పరులైనను ఈ మెట్టున చేయి పెట్టరాదు.

నేర్చుకొనుటకు తగిన పని

నేర్చుకొన గోరువారు 12 వోల్టుల బ్యాటరీతోను, అదే వోల్టుల చిన్న దీపముతోను మొదలుపెట్టుదురు గాక. బ్యాటరీ రెండు కొసలను రిసీవరునకు ఇచ్చి, బ్యాటరీ ధనపు కొసనుండి మరియొక తీగను రిలే నడిమి మొనకును, తెరచియుండు మొననుండి దీపమునకును, దీపము రెండవ తీగను బ్యాటరీ ఋణపు కొసకును కలుపవలెను. ధనపు కొసవద్ద చిన్న ఫ్యూజు నుంచవలెను. పిదప రిసీవరుతో వచ్చిన పత్రమున చెప్పినట్లు మీట గుర్తును దానికి నేర్పవలెను.

పెక్కు రిసీవర్లు మూడు తీరుల పని చేయును. నొక్కినంతసేపు మాత్రమే కలియుట మొదటి తీరు. ఒకసారి నొక్కిన కలిసి, అదే మీటను మరల నొక్కిన విడిపోవుట రెండవది. ఒక మీటతో కలిసి వేరొక మీటతో విడిపోవుట మూడవది. దీపముతో ఈ మూడింటిని పరీక్షించినచో భేదము తెలియును. మోటారు స్టార్టరునకు మొదటి తీరే తగును. తక్కిన రెండింటిలో రిలే కలిసియే నిలిచి యుండును గనుక, కరెంటు పోయి వచ్చినపుడు ఎవరును నొక్కకయే మోటారు లేవవచ్చును.

ఇట్లు తమంత తాము లేచు మోటార్ల కీడు మనకు క్రొత్త కాదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు మొదలైనపుడు, ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది. కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడును; అవసరము లేనపుడు కూడ భూగర్భజలము తోడబడును. మన మీట ఆటో స్టార్టరునకు మారుపేరు కారాదు.

పాటింపవలసిన నియమములు

1. రిమోటుతో ఆపుట కరెంటు తీయుట కాదు. మోటారును, తీగను, గొట్టమును ముట్టుటకు ముందు మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు తీసి, పని చేయువాడు తన జేబులోనే ఉంచుకొనవలెను. ఈ నియమమును మరచిన యింట ప్రాణమే పోవచ్చును.

2. మోటారు గదియు, నీరు పడు గొట్టమును కంటికి కనబడు చోటనుండియే మీట నొక్కవలెను. బోరులో నీరు తగ్గి గొట్టము ఖాళీగా నున్నను మోటారు తిరుగుచునే యుండును. కాలిన పిదపగాని తెలియదు.

3. పెట్టెపై 100 మీటర్లని వ్రాసినను నమ్మి యుండరాదు. అది బయలు ప్రదేశపు మాట. గోడలు, చెట్లు, ఏపుగా పెరిగిన చెఱకు, మొక్కజొన్న అడ్డమైనచో దూరము తగ్గును. పైరు పెరిగిన పిదప మరల నడచి పరీక్షింపవలెను. దూరము చాలదని శక్తి పెంచు యంత్రములను తగిలించుట చట్టమునకు విరుద్ధము.

4. మీటలోని చిన్న బ్యాటరీ నీరసించినచో మోటారు లేచును గాని ఆగుటకు మీట పలుకకపోవచ్చును. కావున పంటకాలము మొదట క్రొత్త బ్యాటరీ వేయవలెను. చేతితో ఎఱ్ఱమీట నొక్కుటకు దారి సదా సుగమముగా నుంచవలెను.

5. మీటను పిల్లల చేతికీయరాదు. స్టార్టరు పెట్టెకును మోటారునకును ఎర్తు తీగ సరిగా నున్నదో లేదో ఏటేట చూపించుకొనవలెను.

చేను ఊరికి దూరమైనవారికి ఈ మీట తగదు. వారికి సెల్‌ఫోనుతో పనిచేయు స్టార్టర్లు కలవు. వానిలో ఫేజు పోయినను, బోరులో నీరు లేకున్నను మోటారును ఆపు ఏర్పాటుగలవానినే ఎన్నుకొనవలెను.

చిన్న మీట రైతునకు నడకను తగ్గించును. రాత్రి భయమును తగ్గించును. చాలినంత నీరు పారగానే మోటారు నాపు వీలు కలిగించి నీటిని, కరెంటును మిగుల్చును. కాని జాగ్రత్తను మాత్రము అది తగ్గింపజాలదు. సభ్యులు నలుగురైదుగురు కలిసి ఒకేసారి కొని, ఒకే ఎలక్ట్రీషియనుచేత బిగించుకొని, పరీక్షలు కలిసి చేసికొనినచో ఖర్చును తగ్గును, పొరపాటును తగ్గును. సహకారమునకు ఇంతకంటె తగిన పని వేరొకటి యుండదని మా నమ్మకము.