జబ్బుకు వేళాపాళా ఉందా?

మౌలాలి: ఒళ్లు వెచ్చబడితే పగటిపూట ఇక్కడివారికి బెంగ లేదు. పక్కనే మల్కాజిగిరి బి.జె.ఆర్‌. నగర్‌లో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానా తెరిచారు. డాక్టరు చూసినందుకు, మందులకు పైసా అక్కర్లేదు. సాయంత్రానికి మాత్రం తలుపులు మూస్తారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. రాత్రి గుండెనొప్పి వస్తే ‘తెల్లారనీ, చూద్దాం’ అనేవారు ఇంకా ఉన్నారు. కొందరికి ఆ తెల్లవారడమే ఉండదు. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, పాముకాటు, పురిటినొప్పులు - వీటికి ఓ.పి. వేళతో పనిలేదు. వెంటనే 108కి ఫోను చేయాలి. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఉచితం. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి అత్యవసర విభాగం రాత్రంతా పనిచేస్తుంది.

ఫోనులో ‘గుట్ట దగ్గర’ అంటే చాలదు. కమాను వైపా, రైల్వే స్టేషను వైపా చెప్పాలి. పల్లెలోనైనా అంతే. ఇంట్లో ఒకరు లాంతరో, టార్చిలైటో పట్టుకుని రోడ్డు మీద నిలబడితే బండి దారి తప్పదు.