చేతికి పని, మనసుకు నిలకడ: పావగడ పల్లెలకు ఆక్యుపేషనల్ థెరపీ

తుమకూరు జిల్లాలో భాగమైనప్పటికీ చుట్టూ ఎక్కువ మేర ఆంధ్రప్రదేశ్ సరిహద్దే ఉన్న పావగడ తాలూకాలో కచేరీ భాష కన్నడమైతే, ఇళ్లలోనూ సంతల్లోనూ పొలం గట్ల మీదా ఎక్కువగా వినిపించేది తెలుగు. వానలు తక్కువ పడే, వేరుశనగను నమ్ముకున్న ఈ మెట్టసీమలో మనిషికి ఊళ్లో ఉండే గౌరవం అతడు చేసే పనితో ముడిపడి ఉంటుంది. అందువల్ల పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినా, కుష్ఠు వ్యాధితో వేళ్లు వంకరపోయినా, మనోవ్యాధితో మనిషి మూలన కూర్చుండిపోయినా ఇంటివారికి సంపాదన పోతుంది, రోగికి మాత్రం సంపాదనతో పాటు ఇంట్లో తన స్థానమే పోతుంది. మందులూ శస్త్రచికిత్సలూ జబ్బును అదుపులోకి తెచ్చిన తరువాత కూడా మిగిలిపోయే ఈ నష్టాన్ని పూడ్చడానికి ఏర్పడిన వైద్యవిభాగం ఆక్యుపేషనల్ థెరపీ.

ఇక్కడ పని అంటే కూలి తెచ్చిపెట్టే పని ఒక్కటే కాదు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం వంటి నిత్యకృత్యాలు, వంట, సేద్యం, చదువు వంటి బాధ్యతలు, ముగ్గులు, కుట్టు, అల్లిక, భజన వంటి ఇష్టమైన వ్యాపకాలు అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కండరాల బలాన్నీ కీళ్ల కదలికనూ పెంచే వ్యాయామాలు చేయిస్తే, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ కదలికను రోగికి అర్థవంతమైన ఒక పనిగా మలచడం మీద దృష్టి పెడతాడు. పని పూర్తిగా చేయలేనివారి విషయంలో పనిముట్టునో, కూర్చునే తీరునో, ఇంటి అమరికనో మార్చి అది సాధ్యమయ్యేలా చూస్తాడు.

వ్యాపకం చికిత్సగా మారిన క్రమం

ఈ వృత్తికి రూపకల్పన 1917 మార్చిలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ పట్టణంలో జరిగింది. అక్కడ వాస్తుశిల్పి జార్జ్ బార్టన్, మనోవైద్యుడు విలియం డంటన్, సామాజిక సేవారంగం నుంచి వచ్చిన ఎలినార్ క్లార్క్ స్లేగల్ తదితరులు సమావేశమై మొదటి సంఘాన్ని స్థాపించారు. బుట్టల అల్లిక, నేత, వడ్రంగం వంటి చేతిపనులే తొలినాటి థెరపిస్టులకు ప్రధాన సాధనాలు. భారతదేశానికి ఈ విద్యను తెచ్చిన ఘనత, అమెరికాలో పుట్టి మహారాష్ట్ర కోడలైన కమలా నింబ్కర్‌ది. ఆమె 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆసియాలోనే మొదటిదైన ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణాలయాన్ని ప్రారంభించగా, 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది.

పావగడ రోగులు తరచుగా వెళ్లే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో మనోవ్యాధుల నుంచి కోలుకుంటున్నవారికి బేకరీ, కుట్టుపని, వడ్రంగం వంటి పనుల ద్వారా పునర్వసతి కల్పించే విభాగం ఉంది. భ్రమలూ భయాలూ మందులతో తగ్గిన తరువాత కూడా స్కిజోఫ్రీనియా రోగిలో చొరవ, ఏకాగ్రత, నలుగురిలో మసలే నేర్పు వెంటనే తిరిగి రావు. వేళకు లేచి రావడం, ఒక పని మొదలుపెట్టి ముగించడం, పక్కవాడితో పనిముట్టు పంచుకోవడం అనే చిన్న అభ్యాసాల ద్వారానే అవి మెల్లగా కుదురుకుంటాయి.

ఒక ముగ్గులో ఉన్న చికిత్స

ఒక వ్యాపకాన్ని చికిత్సగా వాడేముందు థెరపిస్టు దాన్ని విడగొట్టి చూస్తాడు. అది శరీరం నుంచి, బుద్ధి నుంచి, మనసు నుంచి ఏమేమి కోరుతుందో లెక్కగట్టే ఈ పద్ధతిని కార్యవిశ్లేషణ అంటారు. ఏడు చుక్కలు పెట్టి, నాలుగు వచ్చేదాకా సందు చుక్కలు పెట్టి వేసే ముగ్గునే తీసుకుంటే, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పిండిని పట్టుకోవాలి, ఒకే సన్నపు ధారగా జారవిడవాలి, గొంతుకూర్చుని లేదా నడుము వంచి తూలకుండా కదలాలి, చుక్కలు లెక్క తప్పకుండా పెట్టాలి, గీత ఏ చుక్కను చుట్టి ఎటు తిరగాలో ముందే ఊహించాలి. అంటే వేళ్ల నేర్పు, శరీరపు తూకం, జ్ఞాపకం, ప్రణాళిక అన్నీ ఒక్క పనిలోనే పరీక్షకు వస్తాయి.

పక్షవాతం వచ్చిన గృహిణికి ఈ పనిని ఒక్కసారిగా అప్పగించరు. మొదట బల్ల మీద పళ్లెంలో పరిచిన ఇసుకలో వేలితో గీతలు గీయిస్తారు. ఆ తరువాత చుక్కల చోట వేరుశనగ గింజలు పెట్టించి, పట్టు కుదిరాక లావుపాటి సుద్దముక్కతో పలక మీద, భుజం లేవడం మొదలయ్యాక గోడకు ఆనించిన బల్ల మీద గీయించి, చివరకు నేల మీద పిండి ముగ్గు దాకా తీసుకువస్తారు. కష్టాన్ని రోగి శక్తికి తగినట్టు మెట్లుమెట్లుగా పెంచే ఈ పద్ధతే ఈ వృత్తిలోని అసలు విద్య. మెదడు కుడిభాగం దెబ్బతిన్నవారిలో కొందరు తమకు ఎడమపక్క ఉన్న లోకాన్ని గమనించలేరు. చూపు బాగానే ఉన్నా వారు వేసిన ముగ్గులో ఎడమ సగం అసంపూర్ణంగా మిగులుతుంది. అప్పుడు ఎడమ అంచున ముదురు ఎరుపు గీత ఒకటి గీసి, ప్రతి వరుసా ఆ గీతను చూసిన తరువాతే మొదలుపెట్టమని నేర్పుతారు. అన్నం కంచంలో ఎడమవైపు కూర ఉందని గుర్తించడానికీ, దారిలో ఎడమనుంచి వచ్చే బండిని చూడడానికీ ఇదే అభ్యాసం పనికివస్తుంది.

ఈ దృష్టితో చూస్తే తాలూకాలోని పల్లెల్లో చికిత్సకు పనికివచ్చే వ్యాపకాలకు కొదవ లేదు. పాత చీరలతో బొంత కుట్టడానికి రెండు చేతులూ కలిసి పనిచేయాలి. పార్కిన్సన్స్ వ్యాధిలో అడుగు ముందుకు పడక నిలిచిపోయేవారికి స్థిరమైన లయ వినిపిస్తే నడక మెరుగవుతుందని వైద్యశాస్త్రం గుర్తించింది. రాయలసీమతో పాటు ఈ ప్రాంతానికీ ప్రియమైన చెక్కభజనలో ఆ లయా, నలుగురి తోడూ రెండూ ఉన్నాయి. అయితే గంతులూ చుట్లూ మాని, పట్టుకోవడానికి ఆసరా పెట్టి, పక్కన ఒక మనిషిని నిలిపి మాత్రమే దాన్ని రోగులకు వాడాలి.

స్పర్శ లేని చేతికి ఎరుకే రక్ష

పావగడలో స్వామి జపానంద నేతృత్వంలోని శ్రీ రామకృష్ణ సేవాశ్రమం, దాని ఆధ్వర్యంలోని స్వామి వివేకానంద సమగ్ర గ్రామీణ ఆరోగ్య కేంద్రం కుష్ఠు, క్షయ రోగుల సేవకు పేరుపొందాయి. కుష్ఠును పూర్తిగా నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తంమీద ఈ వ్యాధి పదివేలమందిలో ఒకరికంటే తక్కువ స్థాయికి దిగింది. కాని క్రిమి చచ్చినా దెబ్బతిన్న నరాలు చాలామందిలో తిరిగి బాగుపడవు. మోచేతి వెనుకగా దిగే అల్నార్ నరం పాడైతే చిటికెనవేలు, ఉంగరపువేలు కొక్కెంలా వంగిపోతాయి, ఆ భాగంలో వేడి, నొప్పి తెలియవు.

ఈ చేతులకు శస్త్రచికిత్స తరువాత పని నేర్పడం ఎంత అవసరమో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించాడు. యౌవనంలో ఇంగ్లండులో కట్టడపు పని నేర్చిన ఆయన, స్నాయువులను మార్చి అమర్చి వేళ్లను సరిచేసిన తరువాత రోగులకు వడ్రంగాన్నీ కొయ్యబొమ్మల తయారీనీ నేర్పించే చిన్న కేంద్రాన్ని నడిపాడు. సరిచేసిన చెయ్యి గాయపడకుండా ఎలా పనిచేయాలో వారు అక్కడే నేర్చుకున్నారు.

ఇటువంటి రోగుల విషయంలో మైండ్‌ఫుల్‌నెస్ అనే సాధన ప్రాణావసరమవుతుంది. జరుగుతున్న క్షణాన్నీ, చేస్తున్న పనినీ, శరీరంలోని అనుభూతినీ మంచిచెడులు నిర్ణయించకుండా ఎరుకతో గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. స్పర్శ ఉన్నవారి చెయ్యి వేడి గిన్నె తగలగానే తనంతట తానే వెనక్కి వస్తుంది. స్పర్శ లేనివారికి ఆ హెచ్చరిక అందదు కాబట్టి, సూది పట్టినా కొడవలి పట్టినా కళ్లను చేతిమీదే ఉంచాలి. పిడి ఎంత బిగించి పట్టుకున్నారో మధ్యమధ్య ఆగి చూసుకోవాలి. పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోవాలి. పని ముగిశాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి ఎక్కడ ఎర్రబడిందో, ఎక్కడ బొబ్బ లేచిందో వెతికి, నీటిలో నానబెట్టి నూనె రాసుకోవాలి.

ఎరుక ఎంతవరకు పనిచేస్తుంది

బుద్ధుడు బోధించిన స్మృతి సాధనలో మూలాలున్న ఈ పద్ధతిని ఆసుపత్రిలోకి తెచ్చినవాడు జాన్ కబాట్-జిన్. ఆయన 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారి కోసం ఎనిమిది వారాల శిక్షణను రూపొందించాడు. సృజనాత్మక వ్యాపకాల విషయంలో, అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం 39 మంది ఆరోగ్యవంతులను పరిశీలించింది. 45 నిమిషాలపాటు బొమ్మలు వేయడం, మట్టితో రూపాలు చేయడం వంటి పనుల తరువాత వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులమందికి ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది, పూర్వానుభవం లేనివారికీ ఆ మేలు దక్కింది. ఇది చిన్న అధ్యయనం, అందులో పాల్గొన్నవారు రోగులు కారు. అందుచేత కళ ఒత్తిడిని తగ్గించగలదనడానికి ఇది ఆధారమే గాని జబ్బును నయం చేస్తుందనడానికి కాదు.

అందరికీ ఒకే సాధన సరిపోదు. తీవ్రమైన మనోవ్యాధిలో, లేని మాటలు వినిపించే దశలో ఉన్నవారిని కళ్లు మూసుకుని దీర్ఘంగా ధ్యానం చేయమనడం హాని చేయవచ్చు. వారికి కళ్లు తెరిచే ఉంచి, చేతులు కదిలిస్తూ, కొద్ది నిమిషాలు మాత్రమే సాగే అభ్యాసాలు మేలు. దారపు నునుపు, రంగు చిక్కదనం, కాయ ఒలిచేటప్పటి చప్పుడు మీద మనసు నిలపడం అటువంటిదే. ఏ పద్ధతి పనిచేస్తోందో ఊహతో తేల్చరు. రోగి తనకు ముఖ్యమైన పనులను తానే ఎంచుకుని, ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉందో ఒకటి నుంచి పది దాకా అంకెలతో చెప్పే కొలమానాన్ని కెనడా థెరపిస్టులు రూపొందించారు. కొన్ని వారాల తరువాత మళ్లీ అడిగినప్పుడు రెండు పాయింట్ల పెరుగుదల కనిపిస్తే దాన్ని అసలైన మెరుగుదలగా పరిగణిస్తారు.

తాలూకాకు కావలసింది

పావగడ నేలకు ఈ చికిత్స అవసరం రెండు విధాల ఎక్కువ. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు అధికం. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారిలో ఎముకలు గట్టిపడి మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. పోయిన వంపును తిరిగి తేలేకపోయినా, ఎత్తు పీట, పొడవు పిడి చీపురు, నిలబడి చేసుకునే వంటగట్టు వంటి ఏర్పాట్లతో, నొప్పిని ఎరుకతో తట్టుకునే సాధనతో వారి దినచర్యను నిలబెట్టవచ్చు. రెండవది, తిరుమణి పరిసరాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. భూమి ఉన్నవారికి ఏటా కౌలు అందుతుండగా, భూమి లేని కూలీలకు పొలం పనులు తరిగిపోయాయి. తన తప్పు లేకుండా, బయటి కారణాల వల్ల చేసే పనికి దూరమైన మనిషి ఆరోగ్యం కూడా దెబ్బతింటుందని ఆక్యుపేషనల్ థెరపీ శాస్త్రం గట్టిగా చెబుతోంది.

నిపుణుల కోసం సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు వారం వారం వెళ్లడం కూలినాలి కుటుంబాలకు అయ్యే పని కాదు. పల్లెకే మానసిక వైద్యాన్ని తీసుకువెళ్లే నమూనాను నిమ్‌హాన్స్ 1980లలో బళ్లారి జిల్లాలో పరీక్షించింది, దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. తుమకూరు జిల్లాలోనే తురువేకెరె తాలూకాలో స్కిజోఫ్రీనియా రోగులను గుర్తించి ఊళ్లోనే చికిత్స అందించే పని కూడా నిమ్‌హాన్స్ చేపట్టింది. కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయిలో వికలాంగుల పునర్వసతి కార్యకర్తలు ఉన్నారు, ఆశా కార్యకర్తలు ప్రతి ఇంటికీ పరిచితులే. తాలూకా ఆసుపత్రికి నెలలో కొన్ని రోజులైనా ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు వచ్చి రోగులను పరీక్షించి, ఎవరికి ఏ పని, ఎంతసేపు, ఏ జాగ్రత్తతో అన్నది రాసిస్తే, ఆ కార్యకర్తలు ఇళ్ల వద్ద సాధన చేయించగలరు. ఆ సూచనలు తెలుగులోనూ ఉండాలి, ఎందుకంటే ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పినప్పుడే రోగి ఇల్లాలికీ తల్లికీ అవి చేతికందుతాయి.

కుటుంబాలు చేయగలిగింది కూడా ఉంది. జబ్బుపడిన మనిషిని ఏ పనీ చేయనివ్వకుండా కూర్చోబెట్టడం ప్రేమే అయినా, అది అతడి చేతులను మరింత బలహీనం చేస్తుంది. డాక్టరును అడిగి, చేయగలిగిన చిన్న పనిని రోజూ ఒకే వేళకు అప్పగించి, ఆలస్యమైనా దాన్ని అతడినే ముగించనివ్వాలి. మనోవ్యథతో ఉన్నవారికి, వారి బంధువులకు 14416 నంబరులో టెలి మానస్ ఫోను సేవ ద్వారా ఉచిత సలహా తెలుగులోనూ కన్నడంలోనూ అందుతుంది, మొహమాటపడకుండా ఫోను చేయవచ్చు.