బైక్ వెనక షాక్ స్ప్రింగ్ మారుస్తున్నారా? ముందు ఈ మూడు కొలతలు తీసుకోండి

ఇక్కడ ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటాను. ఈసారి మా నాయన బైక్ వెనక షాక్ స్ప్రింగ్ గురించి. ఎందుకంటే స్పెసిఫికేషన్ చూడకుండా 'హెవీ డ్యూటీ' అన్న మాట నమ్మి కొన్నది నేనే, దెబ్బ తగిలింది మాత్రం నాయనకి.

నాయన రోజూ తెల్లారుజామున గంగవరం వైపు నుంచి పలమనేరుకు 100 సీసీ బైక్ మీద వచ్చి డెయిరీకి పాలు పోస్తాడు. రెండు 20 లీటర్ల క్యాన్లు. పాలే దాదాపు 41 కిలోలు, క్యాన్ల బరువు వేరే. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా షాక్ అడుగంటా కొట్టేది. వెనక దిగిపోయి హెడ్‌లైట్ రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పడేది. ఇక నడుం నొప్పి సరేసరి.

నేను చేసిన తప్పు

పాత స్ప్రింగ్ తీగ మందం 7 మి.మీ. నేను తెచ్చింది 8 మి.మీ. ఒక్క మిల్లీమీటరే కదా అనుకున్నా. కానీ చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అవే ఉంటే, స్ప్రింగ్ గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. అంటే 7 నుంచి 8కి వెళ్తే ఏకంగా 70 శాతం గట్టి! అదే 7.5 అయితే 32 శాతమే.

పాలతో వెళ్లేటప్పుడు బాగానే ఉంది. ఖాళీ క్యాన్లతో తిరిగొస్తూ గుంతలున్న మలుపులో బ్రేక్ వేస్తే వెనక చక్రం ఎగిరి పక్కకు జారింది. నాయన మోకాలు గీరుకుపోయింది. "పాలుంటే బాగుండాది, లేకుంటే గుర్రం మాదిరి ఎగరతా ఉండాదిరా" అన్నాడు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే నిజమే, టైరు నేలను వదిలేస్తోంది. షాక్ లోపలి ఆయిల్ డంపింగ్ పాత స్ప్రింగ్‌కు తగ్గట్టు చేసింది. ఇంత గట్టి స్ప్రింగ్ వెనక్కి తన్నితే ఆపలేదు.

ఎలా కొలవాలి?

యాక్సిల్ నుంచి సీటు కింద ఒక గుర్తు వరకు టేపు పెట్టి మూడుసార్లు కొలవండి.

1. సెంటర్ స్టాండ్ మీద, చక్రం గాల్లో ఉన్నప్పుడు
2. మనిషి ఒక్కడే కూర్చున్నప్పుడు
3. రోజూ వేసే బరువుతో

మొదటి కొలత నుంచి ఎంత దిగిందో అదే శాగ్. మొత్తం కదలికలో మనిషి ఒక్కడికి నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు దిగితే సరి. మా బండి కదలిక 80 మి.మీ. ఫలితాలు ఇవి:

- పాత 7 మి.మీ.: ఒక్కడే 30, పాలతో 60
- 8 మి.మీ.: ఒక్కడే 10, పాలతో 28
- 7.5 మి.మీ.: ఒక్కడే 22, పాలతో 45

కొనే ముందు

- షాక్ కింద ఉండే 5 మెట్ల ప్రీలోడ్ తిప్పితే బండి ఎత్తు మారుతుందే గానీ స్ప్రింగ్ గట్టిపడదు.
- లోపలి వెడల్పు, విడిగా ఉన్నప్పటి పొడవు పాతదానితో సరిపోవాలి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి.
- షాక్ నుంచి ఆయిల్ కారుతుంటే స్ప్రింగ్ ఒక్కటే మార్చి లాభం లేదు.
- బిగువు మీదున్న స్ప్రింగ్‌ను కంప్రెసర్ లేకుండా ఇంట్లో విప్పకండి. చెయ్యి పోతుంది.
- ఏ స్ప్రింగ్ వేసినా మాన్యువల్‌లో రాసిన బరువు పరిమితి పెరగదు.

నా తీర్పు

7.5 వేసి వారాలైంది. హెడ్‌లైట్ మళ్లీ రోడ్డు మీద పడుతోంది, ఖాళీ క్యాన్లతో వచ్చేటప్పుడు కూడా టైరు నేలను వదలట్లేదు. స్ప్రింగ్‌ను నిండు బరువు కోసమే ఎంచుకోకండి. ఖాళీగా తిరిగొచ్చే దారి కూడా మీదే.