తొందరపడి పగులగొట్టిన గ్రుడ్డు

మా చిన్ననాట మా తండ్రిగారు మాకు అమరకోశమును వల్లెవేయించుచు, ఈర్ష్య యను పదమునకు అక్షాంతి యని యర్థము చెప్పిరి. క్షాంతి యనగా ఓర్పు. అది లేకుండుట యీర్ష్య. అసూయ వేఱు. ఒకరి సుగుణములయందు సైతము దోషమును వెదకి యంటగట్టుట యసూయ. వాడుకలో మనము రెంటిని ఒక్కటిగనే చెప్పుకొనుచున్నాము. పరుల కలిమి జూచి కుళ్లుకొనుటకును ఓర్పునకును గల సంబంధ మేమో మాకు అప్పుడు బోధపడలేదు. అడుగగా, "ఆదిపర్వము చదువునప్పుడు నీకే తెలియును లే, అమ్మా" యని మా తండ్రిగారు ఊరకుండిరి.

ఈర్ష్య యనగానే పలువురకు నంది తిమ్మనగారి పారిజాతాపహరణమునందలి సత్యభామ స్మరణకు వచ్చును. రుక్మిణీదేవికి దక్కిన యొక పువ్వుకొఱకు ఆమె పడిన కోపము చదువ ముచ్చటగనే యుండును. తుదకు చెట్టే పెరటిలోనికి వచ్చినది. అట్టి యలుకలతో మాకిప్పుడు పని లేదు. మేము చెప్పబోవునది ఇల్లు కూల్చు నీర్ష్యను గూర్చి.

కద్రూవినతల కథ యెల్లరు నెఱిగినదే. కశ్యపప్రజాపతి తన భార్యలను వరము కోరుకొండనగా, కద్రువ 1000 మంది కొడుకులను కోరెను. వినత తనకు ఇద్దఱే చాలుననియు, వారు మాత్రము కద్రువ కొడుకులకంటె బలవంతులు కావలెననియు కోరెను. చూచితిరా! బిడ్డలు కడుపున బడక మునుపే ఆమె వారిని సవతిబిడ్డలతో తూచినది. గ్రుడ్లను కుండలలో భద్రపఱచిరి. 500 ఏండ్లకు కద్రువ గ్రుడ్లన్నియు పగిలి బిడ్డలు వెలువడిరి. వినత గ్రుడ్లు రెండును చలింపలేదు. ఆమె యోర్వలేక యొకదానిని తన చేతితోనే పగులగొట్టెను.

అందుండి వచ్చిన కొడుకునకు నడుమునకు పైభాగ మేర్పడినది, క్రిందిభాగ మేర్పడలేదు. అతడే యరుణుడు. తొడలు లేనివాడు గనుక అనూరుడని పేరు. పుట్టినవెంటనే అతడు తల్లిని జూచి, ఎవతెతో పోటీపడి నన్నిట్లు చేసితివో ఆమెకే 500 ఏండ్లు దాసివై యుందువని శపించెను. రెండవ గ్రుడ్డునైన తాకక మఱి 500 ఏండ్లు ఓపికపట్టుమని చెప్పి, సూర్యుని రథమునకు సారథియై పోయెను. అది మొదలు వేకువజామున తూర్పు ఎఱ్ఱబడునపుడు మనకు ముందుగా కనబడువాడు ఆ కాళ్లు లేని బిడ్డయే.

ఉచ్చైశ్శ్రవము తోకను గూర్చిన పందెము, కద్రువ చేసిన మోసము, వినత దాస్యము, గరుత్మంతుడు అమృతమును దెచ్చి తల్లిని విడిపించుట, ఇవి యన్నియు పిదప జరిగినవి. కథ చెప్పువారు సాధారణముగా పందెముతోనే మొదలుపెట్టుదురు. అందువలన కద్రువ చెడ్డది, వినత మంచిది యని పిల్లల మనసున నిలుచును. కద్రువను మేము సమర్థింపము. మోసమునకు ఒప్పుకొనని సొంతకొడుకులనే సర్పయాగమున మాడిపొండని శపించిన తల్లిని ఏమని సమర్థింతుము? అయినను దాస్యమునకు తలుపు తీసినది వినత చేయియే. ఆమె మంచిదగుటవలననే ఈ కథ మాకు భయము కలిగించును.

ఆ పర్వమునందే గాంధారి కథయు నున్నది. నూర్గురు కొడుకులు కలుగునట్లు ఆమెకు వ్యాసమహర్షి వరమిచ్చెను. గర్భము ధరించి 2 సంవత్సరములు గడచినను కాన్పు రాలేదు. ఇంతలో అడవియందు కుంతికి సూర్యునివంటి కొడుకు పుట్టెనని వార్త వచ్చెను. గాంధారి భర్తకు తెలియకుండ తన కడుపును తానే కొట్టుకొనెను. ఇనుపగుండువంటి మాంసపుముద్ద పడెను. వ్యాసుడు వచ్చి యడుగగా ఆమె దాచలేదు. కుంతికి ముందు కలిగెనన్న దుఃఖముతో కొట్టుకొంటినని యున్నదున్నట్లు చెప్పెను. అంత నిజము చెప్పుటకు ఎంత గుండె కావలయునో! ఆ మహర్షి దానిని చల్లని నీట తడిపించి, 101 ఖండములుగా విడదీయించి, నేతికుండలలో పెట్టించి కాపాడెను. ఋషివాక్యము తప్పునది కాదు. కొట్టుకొనకున్నను నూర్గురును పుట్టియుండెడివారే. కొట్టుకొన్నందువలన ధర్మరాజు చిన్నవాడును కాలేదు.

మా తండ్రిగారు చెప్పిన యర్థము మాకు తెలిసినది ఈ కథలు చదివినప్పుడు కాదు, మఱి చాలకాలమునకు. చెప్పుకొనుటకు సిగ్గుగ నున్నను చెప్పెదము.

మా పెద్దకుమారునకు 6 ఏండ్లు నిండినను అక్షరములు కుదురుకొనలేదు. బ-కు భ, ద-కు ధ చదివెడివాడు. ఆ సంక్రాంతికి మామగారి యింట అందఱము కూడితిమి. మా తోడికోడలి కూతురు, వానికంటె ఏడాది చిన్నది, పుస్తకమును పట్టుకొని గడగడ చదివినది. మామగారు దానిని తొడమీద కూర్చుండబెట్టుకొని, "బడిపంతులు కొడుకు వింటున్నాడా?" యని నవ్విరి. ఆయన మాటలో ఏమియు లేదు. మేమును నవ్వి ఆ పిల్లను ముద్దుపెట్టుకొంటిమి. ఆ రాత్రి మాకు కన్ను మూతపడలేదు.

మఱునాటినుండి నెలదినములు వానిని కొలబద్ద ముందుంచుకొని చదివించితిమి. తప్పు పలికిన ప్రతిసారి చేతిమీద నొక దెబ్బ. వాడు తప్పుతోకూడ సరియైనదానిని పలుకుట మానెను. పిమ్మట మాట తడబడసాగెను. బడిలో ఇతరుల బిడ్డలకు ఓపికతో చెప్పు మావారు ఒకనాడు వాకిట నిలిచి కొంతసేపు చూచి, "నీవు వీనికి చదువు చెప్పుటలేదు, మా తమ్ముని కూతురితో పందెము వేయుచున్నావు" అనిరి. కొలబద్దను తీసికొనిపోయి అటకమీద పడవైచిరి. మాకు మొదట కోపమే వచ్చినది. అటుతరువాత వినత గ్రుడ్డు జ్ఞప్తికి వచ్చినది.

ఆ పిల్లపై మాకు ద్వేషము లేదు, ఈనాటికిని లేదు. దాని చదువు కొంచెమైనను తగ్గలేదు. దెబ్బ మాత్రము మా యింటనే పడినది.

ఈ గుణము ఆడువారి సొత్తని కొందఱు పండితులు సెలవిత్తురు. వారు సభాపర్వము చదువలేదు కాబోలు! ధర్మరాజు సంపదను చూచివచ్చిన దుర్యోధనుడు, నిప్పులో దూకుదునా, విషము త్రాగుదునా, నీట మునుగుదునా యని శకునితో ఏడ్చెను. మంచి బట్టలు, మంచి తిండి, మంచి గుఱ్ఱములు నీకును గలవు గదా, ఏల చిక్కిపోవుచున్నావని తండ్రియే యడిగెను. ఆ చిక్కుట జూదమునకును, జూదము కురుక్షేత్రమునకును దారితీసినవి.

కుంతికి సైతము ఈ మచ్చ తప్పలేదు. మాద్రి ఒక్కమాఱు మంత్రము జపించి అశ్వినీదేవతలను పిలిచి కవలలను కనగా, మఱల ఆమెకు మంత్రము నిమ్మని పాండురాజు కోరెను. ఒక్క పిలుపునకే ఇద్దఱిని పొందినది, నన్ను మించిపోవునేమో, ఇక నన్నడుగకుడని కుంతి నిరాకరించినట్లు వ్యాసభారతమున నున్నది. అయినను మాద్రి సహగమనము చేసినపిదప ఆ కవలలను తన బిడ్డలకంటె నెక్కువగ పెంచినది. ముఖ్యముగా సహదేవునిపై ఆమెకు మక్కువ మెండు.

యుద్ధము ముగిసి, నూర్గురు కొడుకులును పోయినపిదప, ధృతరాష్ట్రునితో గాంధారి యడవికి బయలుదేరినది. పాండవు లెంత వేడినను వినక కుంతియు వారి వెంట నడచినది. ధర్మరాజు తల్లియై, రాజభోగము లనుభవింపవలసిన కాలమున! ముందు కుంతి, ఆమె భుజముమీద కన్నులకు గంతలుగల గాంధారి చేయి, గాంధారి భుజముమీద గ్రుడ్డి రాజు చేయి. ఎవరి కాన్పు విని గాంధారి తన కడుపును కొట్టుకొన్నదో ఆమెయే దారి చూపినది. తుదకు ఆ మువ్వురును ఒకే కార్చిచ్చున దగ్ధులైరి.

ఆశ్రమవాసపర్వమునందలి ఈ ఘట్టమును మొన్నటి సాయంకాలము వచనభారతమునుండి మా పెద్దవానిచేత చదివించుకొంటిమి. వానికిప్పుడు 11 ఏండ్లు. తప్పులేకుండ చదువును, నత్తియు చాలవఱకు పోయినది. పుస్తకము తెఱచి మొదటి వాక్యము నెత్తుకొనుటకు ముందు మాత్రము, తనకు తెలియకుండగనే, మా చేతివంక ఒక్కసారి చూచును.