గాలిలో బండి

గాలి కంటికి కానరాదు గాని, మోటారు బండికి అది గొప్ప ప్రతిబంధకము. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగును. కుటుంబమంతయు ప్రయాణించు వ్యాను ఎత్తుగా, వెడల్పుగా నుండుటచే, పెద్ద రోడ్డుపై దాని పెట్రోలులో చాల భాగము గాలిని నెట్టుటకే వ్యయమగును.

1973లో కాలిఫోర్నియాలో నాసా ఇంజనీరు ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ సైకిలుపై పోవుచుండగా, ప్రక్కనుండి దాటిపోవు లారీల గాలి తన్ను మొదట త్రోసి, పిమ్మట లాగుటను గమనించెను. విమానవిద్య నెరిగినవాడు ఊరకుండునా! అతడును సహచరులును ఒక వ్యానుకు అల్యూమినియము రేకులు తొడిగి, అంచులు పదునైన పెట్టెవలె చేసిరి. దానిని వేగముగా నడిపి, గేరు తప్పించి, ఎంత త్వరగా వేగము తగ్గునో కొలిచిరి. తరువాత ముందరి అంచులను గుండ్రముగా మార్చి మరల పరీక్షింపగా, గాలి నిరోధము సగమునకు పైగా తగ్గెను! పదునైన అంచువద్ద గాలి విడిపోయి సుడులు తిరుగును. గుండ్రని అంచైనచో ఒంటి నంటి సాగిపోవును. బండి అడుగుభాగమును మూసినపుడు నిరోధము ఇంకను తగ్గినది.

ఇంటి వ్యానుకు ఇంత శ్రమ అక్కరలేదు. పైకప్పుమీది ఖాళీ క్యారియరును తీసివేయుట మేలైన పని. దానికి కానీ ఖర్చు లేదు. అడుగున నునుపైన రేకు బిగింపవచ్చును గాని, పొగగొట్టము మిక్కిలి వేడెక్కును గనుక దానికి తగిన ఎడముంచవలెను. చక్రములను పూర్తిగా మూసినచో బ్రేకులు చల్లబడవు. ఊరి వీధులలో మెల్లగా తిరుగు బండికి మాత్రము వీనివలన ఫలము స్వల్పమే. ఫలము తెలియవలెనన్న, గాలి వీచని దినమున, ఒకే దారిలో, ఒకే వేగముతో, పోవునపుడును వచ్చునపుడును పెట్రోలు కొలిచి చూడవలెను.