పోలీసుల మీద నష్టపరిహార దావా: అపోహలు – వాస్తవాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎవరినైనా అన్యాయంగా ఠాణాకు తీసుకెళ్తే ఇంటివాళ్లు ముందు తెలిసిన లీడర్ దగ్గరికి పరుగెత్తుతారు. మనిషి ఇంటికి వచ్చాడంటే ‘బతుకుజీవుడా’ అనుకుని ఊరుకుంటారు. జరిగిన నష్టానికి కోర్టులో పరిహారం అడగొచ్చు. అడగకుండా ఆపుతున్నవి చాలావరకు ఈ అపోహలే.

అపోహ: “సర్కారు మీద దావా వేస్తే నిలవదు.”

వాస్తవం: నిలిచింది. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబుల దాడిలో ఒక ఖైదీ చనిపోయాడు. కుటుంబం వేసిన సివిల్ దావాను కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మాత్రం రూ.1,44,000 వడ్డీతో సహా చెల్లించమంది. సార్వభౌమాధికారం పేరుతో తప్పుకోబోయిన ప్రభుత్వం వాదనను 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా లాయర్లందరికీ తెలిసిన తీర్పు ఇది.

అపోహ: “కేసు కొట్టేశారంటే పరిహారం వచ్చినట్టే.”

వాస్తవం: నిర్దోషిగా బయటపడటం మొదటి మెట్టు మాత్రమే. సరైన ఆధారం లేకుండా, దురుద్దేశంతో కేసు నడిపారని దావా వేసినవారే రుజువు చేయాలి. మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టయి, నిర్దోషులుగా తేలిన యువకులకు అప్పటి ప్రభుత్వం పరిహారం ఇస్తే, ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు రద్దు చేసింది. ఇంకో మాట: తప్పుడు ఫిర్యాదు ఇచ్చి వెంటపడి కేసు నడిపించిన వ్యక్తిని కూడా ఈ దావాలో ప్రతివాదిగా చేర్చవచ్చు.

అపోహ: “పోలీసుల మీద కోర్టుకెక్కాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.”

వాస్తవం: డ్యూటీలో చేసిన పనికి క్రిమినల్ కేసు పెట్టేటప్పుడు వచ్చే షరతు అది. సివిల్ దావాకు అనుమతి అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి, ఆ అధికారికి నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి.

అపోహ: “కేసు తేలాక తీరిగ్గా వేసుకోవచ్చు.”

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అక్రమ నిర్బంధానికి గడువు నిర్బంధం ముగిసిన రోజు నుంచి ఏడాది. తప్పుడు కేసు నడిపినందుకు గడువు ఆ కేసు కొట్టేసిన రోజు నుంచి ఏడాది. 2021లో పట్టుకుపోయి పది రోజులకు బెయిలిచ్చి, 2025లో కేసు కొట్టేశారనుకోండి. మొదటి దావాకు కాలం ఎప్పుడో చెల్లిపోయింది, రెండోదే మిగిలింది. 80వ సెక్షన్ నోటీసు కాలాన్ని మాత్రం గడువులోంచి మినహాయిస్తారు.

అపోహ: “ఠాణాలో కూర్చోబెట్టినదానికి సాక్ష్యం ఏముంటది?”

వాస్తవం: ఆదివారం రాత్రి తండాలో ఇంట్లోంచి తీసుకెళ్లి, మంగళవారం పొద్దున బస్టాండు దగ్గర పట్టుకున్నట్టు కాగితాల్లో చూపారనుకోండి. అరెస్టు మెమోలో రాసిన సమయాన్ని ఠాణా సీసీ కెమెరా దృశ్యాలతో పోల్చితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారో లేదో తేలిపోతుంది. ఆ ఫుటేజీని 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది భద్రపరచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాన్ని చెరిపేయవద్దని జనగామవాళ్లు వరంగల్ పోలీస్ కమిషనర్‌కు, మిగతా రెండు జిల్లాలవాళ్లు తమ ఎస్పీకి వెంటనే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇంటినుంచి తీసుకెళ్లిన రాత్రి చేసిన ఫోన్ల వివరాలు, చూసిన పక్కింటివాళ్ల మాటా పనికొస్తాయి.

అపోహ: “హైదరాబాద్ పోవాలె, లక్షలు పెట్టాలె.”

వాస్తవం: తప్పు జరిగిన చోటే దావా వేయవచ్చు. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు జిల్లా కోర్టులున్నాయి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. బెయిలు ఉత్తర్వు, తీర్పు నకలు వెంట తీసుకెళ్లండి. గడువు ఇంకా ఉందో లేదో వాటి మీదున్న తేదీలే చెబుతాయి.