'పాజిటివ్' అంటే కీడేనా? రొమ్ము క్యాన్సర్ రిపోర్టుపై అపోహలు – వాస్తవాలు

అపోహ: రిపోర్టులో 'పాజిటివ్' అని ఉంటే ప్రాణం మీదికి వచ్చినట్టే, 'నెగటివ్' అయితే గండం గడిచినట్టే.

వాస్తవం: కొవిడ్ కాలంలో నాటుకున్న ఈ అర్థం ఇక్కడ చెల్లదు. జబ్బు ఉన్నట్టు ముక్క పరీక్షలో తేలిన తరువాతే, గడ్డలోని కణాలు దేనిని ఆధారం చేసుకుని పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి బయోమార్కర్లను, అంటే కణాల స్వభావాన్ని పట్టిచ్చే గుర్తులను, పరీక్షిస్తారు. క్యాన్సర్ కణాల్లో కనీసం 1 శాతానికి రంగు పట్టినా ఈస్ట్రోజెన్ గ్రాహకం (ఈఆర్), అనగా ఆ హార్మోను వచ్చి అతుక్కునే ప్రొటీన్, ఉన్నట్టే లెక్క. అప్పుడు టామాక్సిఫెన్ వంటి మాత్రలు పనిచేసే అవకాశం ఉంటుంది కనుక ఈ పాజిటివ్ చాలామందికి ఊరటనిచ్చే మాటే. 5 ఏళ్లు వాడితే ఆ కాలంలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుంది. అయినా పదేళ్లు దాటాక కూడా అది తిరిగి రావచ్చు గనుక, ఒంట్లో బాగుందని మాత్రలు మధ్యలో మానడం ప్రమాదకరం. ఈఆర్‌తో పాటు ప్రొజెస్టిరాన్ గ్రాహకం, హెర్2 (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్) కూడా లేని 'ట్రిపుల్ నెగటివ్' గడ్డే సాధారణంగా వేగంగా పెరుగుతుంది. పాశ్చాత్య దేశాలకంటే భారతీయ స్త్రీలలో దీని వాటా ఎక్కువ.

అపోహ: హెర్2 పాజిటివ్ అయితే ఆశ వదులుకోవాలి.

వాస్తవం: హెర్2 జన్యు ప్రతులు పెరిగిన గడ్డలు త్వరగా తిరగబెడతాయని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపిన నాటికి ఆ భయంలో అర్థముంది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అనుమతి లభించాక ఆ ప్రొటీనే మందుకు గురి అయింది.

అపోహ: సీఏ 15-3 రక్త పరీక్షతో అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: తొలి దశలో చాలామందిలో రక్తంలోని ఈ గుర్తు పెరగదు, కాలేయ వ్యాధుల్లోనూ పెరగవచ్చు.

అపోహ: గడ్డ తీసేశాక ఆ ముక్కతో పని లేదు.

వాస్తవం: అన్నిటిలోకి ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. తీసిన కణజాలాన్ని గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే అది చెడకుండా కాపాడే ద్రావణంలో, వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఎండనిచ్చినా, ఉత్త సెలైన్‌లో వదిలేసినా ప్రొటీన్లు చెడి, నిజంగా పాజిటివ్ అయిన గడ్డ నెగటివ్‌గా కనిపించి, ఆ స్త్రీకి దక్కవలసిన మందు దక్కకుండా పోవచ్చు. అందువల్ల శస్త్రచికిత్స బాన్సువాడలో జరిగినా కామారెడ్డిలో జరిగినా, ముక్కను ఫార్మలిన్‌లో వేశారో లేదో కుటుంబసభ్యులు అడిగి తెలుసుకోవాలి. పై చికిత్సకు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ముక్కను పొదిగిన మైనపు దిమ్మను, అంటే బ్లాకును, స్లైడులతో సహా వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే ఏళ్ల తరువాతనైనా మళ్లీ పరీక్షించడానికి వీలున్నది దానినే.